పక్క కుర్చీ లేని చోట పని నేర్పడం

పలమనేరు అవతల ఒక పల్లె నుంచి పనిచేసే అమ్మాయి నా టీమ్‌లో చేరి, సరిగ్గా మూడు నెలలకు రాజీనామా పెట్టింది. ఆ మూడు నెలల్లో నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగలేదు కాబట్టి పని పట్టుబడుతోందని అనుకున్నాను. చేరిన రోజే ఫోన్‌లో చెప్పాను కదా, "ఏ సందేహమొచ్చినా ఎప్పుడైనా అడుగమ్మా, మొహమాటపడొద్దు" అని. ఆ మాటతో నా బాధ్యత తీరిందనుకున్నాను.

ఆమె వెళ్ళిపోయిన వారానికి మనసు ఊరుకోక ఫోన్ చేశాను. "పని అర్థం కాలేదు మేడమ్. ఆడిట్‌లో రోజూ తప్పులే. మిమ్మల్ని అడుగుదామని టీమ్స్ తెరిస్తే మీ పేరు పక్కన ఎప్పుడు చూసినా ఎర్రచుక్కే. బిజీగా ఉన్నారులే అని ఊరుకుంటా ఉంటి," అంది.

టీమ్స్ అంటే మా కంపెనీలో మేం మాట్లాడుకునే యాప్. మీటింగ్‌లో ఉంటే అందులో ఆ చుక్క దానంతటదే ఎర్రబడుతుంది. నా రోజులో సగం మీటింగ్‌లే. ఆఫీసులో అయితే ఆ పిల్ల నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడేది, నేను తలెత్తి చూసేదాన్ని. ఇంట్లో కూర్చున్న పిల్లకు నా ముఖానికి బదులు ఆ చుక్కే కనబడింది.

నాది మెడికల్ కోడింగ్. అమెరికాలో డాక్టర్లు రాసిన కేసు వివరాలు చదివి, జబ్బుకూ చికిత్సకూ తగిన కోడ్‌లు వేస్తాం. వాటిని బట్టే అక్కడ ఇన్సూరెన్స్ బిల్లులు నడుస్తాయి. వేసిన కోడ్‌లు సరిగ్గా ఉన్నాయో లేదో ఇంకొకరు చూసి తప్పులు పట్టడమే ఆడిట్. 2009లో చెన్నైలో మొదలుపెట్టాను. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే కంప్యూటర్ పెట్టె కట్టుకుని తిరుపతి వచ్చేశాను. అప్పటినుంచి ఎమ్మార్‌పల్లిలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. ఇక్కడినుంచే పద్నాలుగు మందికి పని నేర్పాను. ఆ అమ్మాయి వాళ్ళలో మూడోది. ఆమె తర్వాత నేను మార్చుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. మీది టెస్టింగ్ అయినా, అకౌంట్లయినా, కస్టమర్ సపోర్టయినా, ఇంటి నుంచి చేసే పనైతే ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందు, పోగొట్టుకున్నదేమిటో తెలుసుకోండి

చెన్నైలో నాకు పని నేర్పింది ఒక తమిళావిడ. బోర్డు మీద రాసి నేర్పలేదు, తన కుర్చీ పక్కన కుర్చీ వేసింది అంతే. కీబోర్డు మీద నా చెయ్యి రెండు నిమిషాలు ఆగిపోతే, నా వైపు తిరక్కుండానే "ఎన్నమా?" అనేది. నేను నిట్టూర్చినా ఆవిడకు వినబడేది. తన పని తాను చేసుకుంటూ, "ఇక్కడ 'ప్రాబబుల్' అని రాసినాడు, ఇది ఔట్‌పేషెంటు, తీసుకోకూడదు" అని గొణుక్కునేది. ఔట్‌పేషెంటు కేసులో డాక్టరు 'అయ్యుండొచ్చు', 'అనుమానం' అని రాసిన జబ్బుకు కోడ్ వేయకూడదు, ఛాతీనొప్పి అని లక్షణం రాసి ఉంటే దానికే వేయాలి. ఆసుపత్రిలో చేరి డిశ్చార్జి అయ్యే రోగికైతే, డిశ్చార్జి నాటికి కూడా అనుమానంగానే మిగిలిన జబ్బును ఉన్నట్టే లెక్కేసి వేయాలి. ఈ తేడా నియమాల పుస్తకంలో ఉంది. నేను చదివాను కూడా. కానీ నాకు ఎక్కింది మాత్రం ఆవిడ గొణుగుడు వల్లే.

మా చిన్నమ్మది శ్రీకాళహస్తి. అక్కడ కలంకారీ వేసేవాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు నేర్చుకోవడం చిన్నప్పుడు చూసేదాన్ని. వెదురు కలానికి చుట్టిన గుడ్డను ఎంత నొక్కితే ఎంత రంగు దిగుతుందో ఎవరూ నోటితో చెప్పరు. కరక్కాయ నీళ్ళలోనూ పాలలోనూ తడిపి ఆరబెట్టిన బట్ట మీద పెద్దాయన గీత గీస్తూ పోతుంటే, పక్కన కూర్చున్న పిల్లోడు ఆయన వేళ్ళనే చూస్తూ ఉండేవాడు. మన ఉద్యోగాల్లోనూ సగం పని అలాగే చేరుతుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకు అందకుండా పోయింది ఆ సగమే. మిగతా సగానికి వీడియోలున్నాయి, పీడీఎఫ్‌లున్నాయి, శిక్షణ తరగతులున్నాయి. వాటిని మరిన్ని పంపితే ఈ లోటు పూడదు.

అడగందే అమ్మయినా పెట్టదు అంటారు. నేనూ అదే నమ్మాను. కానీ నిజంగా అమ్మ అలా ఉంటుందా? బడి నుంచి వచ్చిన బిడ్డ ముఖం చూడగానే ఆకలి తెలిసిపోతుంది, అడిగేలోపే కంచం పెడుతుంది. ముఖం కనబడని దూరంలో ఉన్న బిడ్డకైతే, ఫలానా వేళకు అన్నం ఉంటుందని ముందే చెప్పి ఉంచాలి.

వేళ కట్టండి

అందుకే మొదట చేయాల్సింది, "ఎప్పుడైనా అడుగు" అనే మాటను మానేయడం. ఇచ్చేవాళ్ళకు అది పెద్ద మనసులాగా కనబడుతుంది, తీసుకునేవాళ్ళకు దానివల్ల ఏమీ రాదు. కొత్తగా చేరిన పిల్లకు 'ఎప్పుడైనా' అంటే, తన కోసమని ఎవరి పనో ఆపించడమే. ఆ ధైర్యం మొదటి నెలలో ఎవరికీ ఉండదు. మొహమాటం ఎక్కువున్న మన ఊళ్ళ పిల్లలకు అసలుండదు.

దాని బదులు వేళ చెప్పండి. నా లెక్క ఇది: మొదటి రెండు వారాలు రోజూ ఉదయం అరగంట, తర్వాత రెండో నెల చివరి దాకా వారానికి మూడు రోజులు, మూడో నెల నుంచి వారానికి ఒకసారి ముప్పావుగంట. ప్రశ్న ఉన్నా లేకపోయినా కలవాలి, ఇది ముఖ్యం. "ఈరోజు డౌట్లేం లేవు మేడమ్" అని మెసేజ్ వచ్చిన రోజు నేను తప్పకుండా కాల్ చేస్తాను. సందేహమే లేని కొత్తవాళ్ళు ఉండరు. సందేహం వచ్చిందని కూడా తెలియని స్థితి ఒకటుంటుంది, దాన్ని పట్టుకోవాల్సింది మనమే.

ఆ వేళ క్యాలెండర్‌లో పడాలి, మీ మేనేజరుకు కనబడాలి. వాయిదా వేయాల్సి వస్తే మీరే ఆరోజే ఇంకో వేళ చెప్పండి. రెండుసార్లు చెప్పకుండా మానేశారంటే మూడోసారి ఆ పిల్ల మీ కోసం ఎదురుచూడదు, మళ్ళీ ఎర్రచుక్క దగ్గరికే వచ్చాం.

ఏ వేళ అన్నది కూడా అడిగే పెట్టండి. కుప్పం దగ్గర ఒక అబ్బాయికి మధ్యాహ్నం కరెంటు నమ్మకం లేదు, ఫోన్ నెట్ మీద నడిపేవాడు. మదనపల్లె అమ్మాయికి పిల్లోడు బడికి పోయేది ఎనిమిదిన్నరకు, ఆ తర్వాతే ఆమె మనసు పని మీద నిలిచేది. ఈ సంగతులు ఫారంలో ఎవరూ రాయరు. మొదటి కాల్‌లో పని మాటే ఎత్తకుండా ఇవే అడుగుతాను: ఏ గదిలో కూర్చుంటావు, ఇంట్లో ఎవరెవరున్నారు, నెట్ పోతే ఏం చేస్తావు, కుర్చీ ఉందా, మంచం మీదేనా.

తెర వాళ్ళది, మౌసు వాళ్ళది

ఆ అరగంటలో ఏం చేయాలి? చాలామంది సీనియర్లు తమ తెర పంచి, గబగబా ఒక కేసు చేసి చూపించి, "అర్థమైందా?" అంటారు. అవతలినుంచి "ఆ మేడమ్" అని వస్తుంది. ఆ "ఆ"ను నమ్మకండి.

తెర వాళ్ళను పంచమనండి. నిన్న తప్పు పడిన కేసునే తెరిపించండి. మౌసు మీరు ముట్టుకోవద్దు, దూరం నుంచి వాళ్ళ కంప్యూటర్ నడిపే సదుపాయం ఉన్నా వాడొద్దు. వాళ్ళను నోరు తెరిచి ఆలోచించమనండి. చదువుతున్న వాక్యం, దాన్ని చూసి అనుకున్నది, అక్కడినుంచి ఎటు పోతున్నదీ బయటికి చెప్పమనండి. మొదటి రెండు రోజులు సిగ్గుపడతారు, తర్వాత అలవాటవుతుంది.

పుత్తూరు అబ్బాయి ఒకడున్నాడు, చురుకైనవాడు. అతని కేసులో రోగికి బీపీ ఉంది, మూడో దశ కిడ్నీ జబ్బూ ఉంది. బీపీకి ఐ10 వేశాడు, కిడ్నీకి ఎన్18.30 వేశాడు. విడివిడిగా చూస్తే రెండూ ఉన్న కోడ్‌లే. ఆడిట్‌లో తప్పు పడింది.

"ఎందుకు ఐ10 వేసినావు నాయనా?"

"బీపీ అని ఉంది కదక్కా."

"కిడ్నీ?"

"అదీ ఉంది. కానీ బీపీ వల్లే కిడ్నీ పోయిందని డాక్టరు రాయలేదు. రాయనిది మనం అనుకోకూడదని క్లాసులో చెప్పినారు."

చూశారా, వాడి తప్పు వెనక ఒక మంచి నియమమే ఉంది. డాక్టరు రాయనిది కోడర్ ఊహించకూడదు, నిజమే. కానీ బీపీకి, దీర్ఘకాల కిడ్నీ జబ్బుకు నియమాల పుస్తకమే సంబంధం కలిపేసింది. రెండూ ఉంటే, సంబంధం లేదని డాక్టరు స్పష్టంగా రాస్తే తప్ప, ఉన్నట్టే లెక్క. అప్పుడు ఐ10 పోయి ఐ12.9 వస్తుంది, పక్కన కిడ్నీ దశ కోడ్ ఉంటుంది. "ఐ12.9 వెయ్యి" అని ఒక్క మాట చెప్పి వదిలేసి ఉంటే ఆ కేసు సరిపోయేది. వాడు ఆలోచించిన తీరు బయటికి వచ్చింది కాబట్టి, తను పట్టుకున్న నియమం ఎక్కడిదాకా వర్తిస్తుందో వాడికే తెలిసింది. మళ్ళీ వారం షుగరూ కిడ్నీ కలిసిన కేసు వస్తే తనంతట తనే సరిగ్గా పట్టాడు.

వారంలో ఒకరోజు మాత్రం తెర మీది. అప్పుడు మీకు బాగా వచ్చిన కేసు చూపించకండి, మిమ్మల్ని తికమకపెడుతున్న కేసు తెరవండి. మీరూ తడబడటం, మీరూ పుస్తకం తిరగేయడం, "ఇది నాకు తెలీదు, ఇంకొకరిని అడుగుతా" అనడం వాళ్ళు చూడాలి. పదేళ్ళ అనుభవమున్న మనిషి కూడా వెతుక్కునే పని చేస్తుందని తెలిస్తే, వెతుక్కోవడం చేతకానితనం కాదని వాళ్ళకు ధైర్యం వస్తుంది. 2015 అక్టోబరు 1న అమెరికా జబ్బుల కోడ్‌ల పాత జాబితా ఐసీడీ-9 నుంచి కొత్తదైన ఐసీడీ-10కి మారినప్పుడు, సుమారు 14 వేలుండే జబ్బుల కోడ్‌లు ఒక్కసారిగా దాదాపు 70 వేలయ్యాయి. ఆ నెలలో మా అంతస్తులో సీనియర్లూ జూనియర్లూ ఒకే పుస్తకం మీద వంగి కూర్చున్నాం. ఎవరికి ఏం తెలీదో అందరికీ కనబడిన నెల అది. నేను ఎక్కువ నేర్చుకున్న నెల కూడా అదే.

మాటల్లేని గంట

ఇప్పుడు చెప్పబోయేది వినడానికి పనికిరానిదిగా అనిపిస్తుంది. నాకు మాత్రం మిగతా అన్నిటికంటే ఇదే ఎక్కువ పనిచేసింది.

వారానికి రెండుసార్లు, గంటసేపు, కొత్తవాళ్ళతో కాల్ తెరిచి ఉంచుతాను. పాఠం ఉండదు, అజెండా ఉండదు. ఎవరి కేసులు వాళ్ళు చేసుకుంటాం. వీడియో అక్కర్లేదు, మైకులు మాత్రం తెరిచే ఉంచుతాం. కీబోర్డు చప్పుడు, ఫ్యాను చప్పుడు, ఎవరింట్లోనో కుక్కరు కూత. పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు. తర్వాత ఎవరో ఒకరు, "అక్కా, ఈ డాక్టరు ఒకచోట ఎడమ మోకాలు అని, ఇంకోచోట కుడి అని రాసినాడే" అంటారు. "క్వెరీ పెట్టు, డాక్టరునే అడగాల, మనం తేల్చకూడదు" అంటాను. మళ్ళీ నిశ్శబ్దం.

ఆ ప్రశ్న కోసం ప్రత్యేకంగా నాకు ఫోన్ చేసి ఉండేవాళ్ళు కాదు. అంత చిన్న సంగతికి మెసేజ్ పెట్టడానికి కూడా ఆలోచించేవాళ్ళు. చెన్నైలో నాకు దొరికిన పక్క కుర్చీకి దగ్గరగా వచ్చేది ఈ గంటే. నేనూ కావాలనే గొణుక్కుంటాను ఆ గంటలో, ఆవిడ గొణుక్కున్నట్టే. "ఇన్సులిన్ వాడుతున్నాడు, ఆ కోడ్ కూడా కలపాల" అని నాలో నేను అనుకున్నట్టు అంటాను. అవతల ఇద్దరు ముగ్గురి కీబోర్డులు ఆగి, మళ్ళీ కదలడం వినబడుతుంది.

ఒక హెచ్చరిక: దీన్ని నిఘాగా మారనివ్వకండి. ఎవరు ఎన్ని కేసులు చేశారని ఆ గంటలో లెక్క అడగకూడదు, కాసేపు లేచి వెళ్ళినవాళ్ళను ఎక్కడికెళ్ళావనకూడదు. ఒక్కసారి అడిగినా అందరూ మైకులు మూసేస్తారు, ఆ తర్వాత తెరిపించలేరు. ఇంకో టీమ్‌లో అలాగే జరిగింది. ఆ గంటను హాజరు పట్టీ చేశారు, నెలకే ఆగిపోయింది. నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే ఆ టీమ్‌లో కొత్తవాళ్ళే ఎక్కువ.

ప్రశ్న అడగడం కూడా నేర్పాలి

చేరిన రెండో వారంలో ఒక అబ్బాయి కంప్యూటర్ తెరను ఫోన్‌తో ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టాడు. రోగి పేరు, పుట్టినతేదీ, అన్నీ కనబడుతున్నాయి. నా చేతులు వణికాయి. అమెరికాలో 1996లో వచ్చిన హిపా చట్టం ప్రకారం రోగి వివరాలు అలా బయటికి పోకూడదు. ఉద్యోగం పోయే తప్పు అది. వెంటనే తీసేయించి, నియమం ప్రకారం కంప్లయన్స్ వాళ్ళకు, అంటే కంపెనీలో చట్టం, నియమాలు చూసే విభాగానికి, నేనే చెప్పాను, ఆ అబ్బాయి తరఫున మాట్లాడాను. సాయం అడగబోయి ఇరుక్కున్నాడు, పాపం. కానీ ఆలోచిస్తే తప్పు నాది కూడా. సరైన దారి ఏదో నేను చూపించలేదు, దగ్గరున్న దారిలో వచ్చాడు.

అందుకే మొదటి రోజే ఇది నేర్పుతాను. ప్రశ్న కంపెనీ టీమ్స్‌లోనే అడగాలి, వాట్సాప్‌లో కాదు. పేరు, తేదీలు, రికార్డు నంబరు ఏవీ రాయకూడదు. ఆ చట్టం కింద మనిషిని పట్టించే గుర్తులుగా చెప్పే 18 రకాలలో రోగి డాక్టరుకు చూపించుకున్న తేదీ కూడా ఉందని చాలామందికి తెలియదు. తర్వాత ప్రశ్నలో మూడు సంగతులుండాలి: డాక్టరు రాసిన మాట, నేను అనుకుంటున్న కోడ్, పుస్తకంలో నేను ఎక్కడ చూశానన్నది. ఈ మూడూ రాస్తుండగానే సగం ప్రశ్నలకు జవాబు వాళ్ళకే దొరుకుతుంది. ఇరవై నిమిషాలు తనే ప్రయత్నించాలి, ఇరవై ఒకటో నిమిషంలో తప్పకుండా అడగాలి, రెండోది కూడా నియమమే. రెండు గంటలు ఒంటరిగా కొట్టుకుని "దొరకలేదు మేడమ్" అన్నవాళ్ళను మెచ్చుకోను.

మీ పని వేరైతే మీ నియమాలు వేరు. ఖాతాదారుల అకౌంటు నంబర్లు కావచ్చు, సోర్స్ కోడ్ కావచ్చు. బయటికి పోకూడనిది ఏదో, అడిగే దారి ఏదో రెండూ కలిపి ఒకేసారి చెప్పండి. వద్దన్నది మాత్రమే చెబితే అడగడమే మానేస్తారు.

భాష సంగతి కూడా. నాతో మాట్లాడేటప్పుడు తెలుగులో మాట్లాడమంటాను. ఆలోచన సాగాలంటే సొంత మాట కావాలి. క్లయింటుతో, మేనేజరుతో ఇంగ్లీషులో మాట్లాడాల్సిన రోజు ముందు, ఆ నాలుగు వాక్యాలు నా ముందు రెండుసార్లు పలికిస్తాను. పలమనేరు అమ్మాయి టీమ్ మీటింగ్‌లో ఎప్పుడూ నోరు విప్పకపోవడానికి పని రాకపోవడం ఒక్కటే కారణం కాదని ఇప్పుడు అనుకుంటాను.

మార్కులు వేసే చెయ్యి వేరుగా ఉండాలి

ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఎవరి కేసులు మీరు ఆడిట్ చేస్తారో వాళ్ళకు మీరు మెంటార్‌గా, అంటే పక్కనుండి పని నేర్పే మనిషిగా, ఉండకూడదు. మా దగ్గర 95 శాతం ఖచ్చితత్వం రావాలి. ఆ శాతాన్ని తగ్గించే మనిషి దగ్గరే "నాకిది రాదు" అని ఎవరు ఒప్పుకుంటారు? నేను ఆడిటర్‌ను కాబట్టి ఇంకో ఆడిటర్‌తో మాట్లాడుకున్నాను, నా దగ్గర నేర్చుకునేవాళ్ళ కేసులు ఆమె చూస్తుంది, ఆమెవాళ్ళవి నేను చూస్తాను. కుదరనిచోట కనీసం మొదటి మూడు నెలలైనా విడదీయండి.

ఆడిట్ కాగితం వచ్చాక దాన్ని ఇద్దరూ కలిసి చదవండి. ఆడిటర్ పొరబడ్డాడనిపిస్తే రీబటల్, అంటే అది తప్పెందుకు కాదో చెప్పే జవాబు, రాయించండి. కోపంగా కాదు, ఫలానా నియమం, ఫలానా వాక్యం అని చూపిస్తూ. పుత్తూరు అబ్బాయి మొదటి రీబటల్ మూడుసార్లు తిప్పి రాయించాను. ఒప్పుకున్నారు. అర శాతం పెరిగిందంతే, కానీ ఆరోజు నుంచి వాడి గొంతు మారింది.

ఇంట్లోవాళ్ళు

తిరుపతిలో ఇల్లుంటే ఏడాది పొడుగునా చుట్టాలే. బ్రహ్మోత్సవాలప్పుడు సరేసరి. "నువ్వు ఇంట్లోనే కదా ఉండేది" అని స్టేషన్‌కు రమ్మంటారు, మూడొందల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలే ఉదయం పూట ఆరుగురి ఆధార్ నంబర్లు పంపిస్తారు. ఎవరినీ కాదనలేం, మనకూ ఆ పుణ్యం మీద ఇష్టమే. కానీ కొత్తగా చేరిన ఆడపిల్ల మీద ఈ భారం రెట్టింపు. ఆఫీసుకు బస్సెక్కి పోయే పిల్లను ఉద్యోగం చేస్తోందనుకుంటారు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లను ఖాళీగా ఉందనుకుంటారు.

మెంటార్‌కు ఇందులో ఏం పని అంటారేమో. ఉంది. చంద్రగిరి అమ్మాయి పదకొండు గంటలకల్లా ఆన్‌లైన్ నుంచి మాయమయ్యేది. అడిగితే, అత్తగారికి ఆ వేళకు వంట కావాలి. ఆమె అనుమతితోనే ఒకరోజు ఆ పెద్దావిడతో ఫోన్‌లో మాట్లాడాను. "అమ్మా, మీ కోడలు తొమ్మిదికి కూర్చుంటే ఒంటిగంట వరకు లేవకూడని పని. తప్పు పడితే జీతం మీదికొస్తుంది. సంగటి ముందే కెలికిపెట్టి కూర్చుంటుంది, మీరు కాస్త సర్దుకోండి." "అట్లా ముందే చెప్పొచ్చు కదమ్మా, ఆటకు కూర్చుంటుందనుకుంటిని," అందావిడ. తర్వాత ఎప్పుడైనా కాల్‌లో ఉంటే ఆవిడే తలుపు దగ్గరేసి పోయేదట. అందరిళ్ళలోనూ ఇంత తేలిగ్గా తేలదు. అడగకుండా మాత్రం వాళ్ళింట్లోకి మాటతో కూడా వెళ్ళకండి.

మేనేజర్లకు ఒక మాట

నేర్పే గంటను సీనియర్ టార్గెట్ లోంచి తీసేయండి. రోజుకు ఇన్ని కేసులని పెట్టి, దాని మీద నేర్పమంటే ఎవరికైనా జూనియర్ ప్రశ్న అడ్డంకిలాగే కనబడుతుంది. మెంటరింగ్ ఉందని కాగితం మీద చూపించి, నెలాఖరులో ఒక ఫారం నింపించే చోట నేనూ పనిచేశాను. ఫారంలో అందరికీ ఐదుకు ఐదు మార్కులు. పలమనేరు అమ్మాయికి కూడా.

మెంటార్ దొరకని వాళ్ళకు

మీకు ఎవరినీ కేటాయించకపోతే, మీరే ఒకరిని ఎంచుకోండి. అందరికంటే పెద్ద సీనియర్ అక్కర్లేదు, మీకంటే రెండేళ్ళు ముందున్నవాళ్ళు చాలు, వాళ్ళకు తమ మొదటి నెలలు ఇంకా గుర్తుంటాయి. "నాకు మెంటార్‌గా ఉంటారా" అని అడిగితే బెదిరిపోతారు. "బుధవారం పదిహేను నిమిషాలు ఇస్తారా, ఈ రెండు కేసులు చూపిస్తాను" అని అడగండి, చాలామంది సరేనంటారు. మీతోపాటు చేరినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి మాటల్లేని గంట పెట్టుకోండి, దానికి సీనియర్ ఉండి తీరాలని లేదు. ప్రతి అక్టోబరు 1న కొత్త కోడ్‌లు అమల్లోకి వస్తాయి కదా, ఆ జాబితా కలిసి చదవడంతో మొదలుపెట్టొచ్చు.

మెడికల్ కోడర్‌గా సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్ష రాసేవాళ్ళకు ఇంకొకటి. నాలుగు గంటల్లో వంద ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్, పుస్తకాలు చూసే రాస్తారు. పాసైనా అనుభవం లేనివాళ్ళకు సీపీసీ పక్కన ఒక 'ఏ' అక్షరం చేరుస్తారు, అప్రెంటిస్ అని. ఆ అక్షరం చూసి పిల్లలు చిన్నబోతారు. చిన్నబోవద్దు. ఎవరి పక్కనో కూర్చుని నేర్చుకోవాల్సిన కాలం ఇంకా మిగిలుందని పరీక్ష పెట్టినవాళ్ళే ఒప్పుకుంటున్నారు. ఆ కాలాన్ని మీ కంపెనీ దగ్గర హక్కుగా అడగండి.

ఎప్పుడు వదలాలి

ఆరు నెలలకు మించి వారం వారం కలవడం నేను పెట్టుకోను. వాళ్ళు అడిగే ప్రశ్నలకు నా దగ్గర వెంటనే జవాబు లేకుండా పోతున్నప్పుడు, ఇద్దరం కలిసి వెతుక్కోవాల్సి వస్తున్నప్పుడు, వేళ రద్దుచేసే సమయం వచ్చిందని తెలుస్తుంది. ఆ చివరి కాల్‌లో ఒక్కటే అడుగుతాను: మొదటి నెలలో నన్ను అడగాలనుకుని అడగనిది ఏమిటి? జవాబులు నోట్‌బుక్‌లో రాసుకుంటాను, తర్వాత చేరేవాళ్ళకు మొదటి కాల్‌లో ఆ సంగతులు నేనే ఎత్తుతాను. వాటిలో కోడింగ్ సంగతులు తక్కువ. జీతం చీటీలో పీఎఫ్ అంటే ఏమిటి, సెలవు అడిగితే ఏమనుకుంటారు, మీటింగ్‌లో పేరు పిలిస్తే కెమెరా వేయాలా, ఇట్లాంటివే ఎక్కువ.

వీలైతే ఒక్కసారైనా ముఖాముఖి కలవండి. పుత్తూరు అబ్బాయి ఒక ఆదివారం బస్సులో తిరుపతి వచ్చాడు. ఏడాదిన్నరగా రోజూ గొంతు విన్న మనిషిని బస్టాండులో గుర్తుపట్టలేక ఇద్దరం ఫోన్లు చెవిన పెట్టుకుని ఒకరి పక్కన ఒకరం నిలబడ్డాం. ఇంటికి తీసుకొచ్చి సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి పెట్టాను. తింటూ తింటూ గడియారం చూశాడు. "అక్కా, నాలుగున్నరకల్లా బయల్దేరాల. రేపు ఏడున్నరకు నాగలాపురం పిల్లతో నా మొదటి కాల్ ఉంది. ఏం అడగాలో రాత్రికి రాసుకోవాల," అన్నాడు. నా నోట్‌బుక్ ఇచ్చి పంపాను.